మందుల కంపెనీ ఉద్యోగం: చేరే ముందు వేసుకోవలసిన లెక్క

(ట్రస్టు విద్యార్థి వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే రిటైరయినవాణ్ణి. పెద్ద పెద్ద విషయాలు మాట్లాడే అర్హత నాకు లేదు. కార్యదర్శిగారు "పిల్లలకు ఉపయోగపడే మాటలు నాలుగు చెప్పండి" అన్నారు. ఈ రెండు మూడేళ్లుగా మన వాళ్లు నన్ను ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "మా వాడు బి.ఎస్సీ. అయిపోయింది, మందుల కంపెనీలో మెడికల్ రెప్ ఉద్యోగం వస్తోంది, చేరమందామా? ఆ ఉద్యోగం నిలుస్తుందా?" అని. ఈ రోజు దాని గురించే చెబుతాను. నేను మందుల కంపెనీలో పని చెయ్యలేదు. కానీ ముప్పై ఏళ్లకు పైగా కౌంటరు వెనక కూర్చుని రెప్‌ల జీతాల ఖాతాలు, స్టాకిస్టుల ఖాతాలు చూశాను. మన వీధుల్లో ఈ పని చేసే పిల్లలు తెచ్చి చూపించిన కాగితాలు చదివాను. నా మాటలన్నీ ఆ లెక్కల నుంచి వచ్చినవే.

ముందు ఆ పని ఏమిటో తల్లిదండ్రులకు చెప్పాలి. సబ్బులు, టూత్‌పేస్టులు టీవీలో ప్రకటన ఇచ్చి అమ్ముకోవచ్చు. డాక్టరు చీటీ మీద మాత్రమే ఇవ్వవలసిన మందులను అలా జనానికి నేరుగా ప్రచారం చేయడానికి వీల్లేదు. అందుకే కంపెనీ తన మందు గురించి డాక్టరుకు చెప్పడానికి మనిషిని పంపుతుంది. ఆ మనిషే మెడికల్ రెప్. ఉదయం ఆస్పత్రుల దగ్గర, సాయంత్రం క్లినిక్కుల దగ్గర డాక్టర్ల కోసం కాచుకుని ఉండాలి. లోపలికి వెళితే దొరికేది రెండు మూడు నిమిషాలు. ఆ తర్వాత మెడికల్ షాపులకు వెళ్లి తన మందు కదులుతోందా లేదా చూసుకోవాలి. స్టాకిస్టు దగ్గర సరుకు ఎంతుందో లెక్క తీసుకోవాలి. రాత్రి ఇంటికొచ్చి ఆ రోజు ఎవరెవరిని కలిశాడో రిపోర్టు పంపాలి. చిక్కబళ్లాపురంలో కాపురముండే అబ్బాయికి ఒకరోజు చింతామణి, ఒకరోజు బాగేపల్లి, ఒకరోజు గౌరిబిదనూరు, ఇంకోరోజు శిడ్లఘట్ట అని టూర్ ప్రోగ్రాం ఉంటుంది. ఎండైనా వానైనా బండి మీద తిరగవలసిందే.

ఇందులో మంచి ఏమీ లేదా అంటే, ఉంది. మన ప్రాంతం రెండు పెద్ద మందుల ఊళ్ల మధ్య ఉంది. బాగేపల్లి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారికి ఒక పక్క బెంగళూరు, ఇంకో పక్క హైదరాబాదు. హైదరాబాదులో ప్రభుత్వరంగంలో ఐ.డి.పి.ఎల్. వచ్చింది. అక్కడ పని నేర్చుకున్న కల్లం అంజిరెడ్డిగారు 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఆ తర్వాత అరబిందో, దివీస్, హెటెరో వంటి కంపెనీలు వరసగా ఎదిగాయి. బెంగళూరులో 1978లో కిరణ్ మజుందార్ షా బయోకాన్ మొదలుపెట్టారు. జ్వరమొస్తే మనమందరం అడిగే డోలో మాత్ర చేసే మైక్రో ల్యాబ్స్ కూడా బెంగళూరుదే. జబ్బులు తగ్గడం లేదు. చక్కెర జబ్బు, రక్తపోటు పల్లెల దాకా వచ్చాయి. కాబట్టి మందుల వ్యాపారం ఆగిపోతుందనే భయం అక్కరలేదు.

మన పిల్లలకు ఇంకో సౌకర్యం ఉంది. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడ. మన వాడు చింతామణిలోనూ పని చెయ్యగలడు, బదిలీ అయితే మదనపల్లెలో, హిందూపురంలో, అనంతపురంలో కూడా చెయ్యగలడు. కొంచెం ఇంగ్లీషు సాధన చేస్తే చాలు. బి.ఫార్మసీ, బి.ఎస్సీ. వాళ్లకు ముందు చోటిచ్చినా, మాట తీరు బాగుంటే బి.కాం., బి.ఎ. వాళ్లను తీసుకునే కంపెనీలూ ఉన్నాయి. లక్షలు పోసి కోచింగ్ తీసుకోనక్కరలేదు. బాగా చేస్తే నాలుగైదేళ్లలో ఏరియా మేనేజరు, ఆ పైన రీజనల్ మేనేజరు అయినవాళ్లు ఉన్నారు. పనివాడికి గౌరవమున్న వృత్తి ఇది. ఎవరూ చిన్నచూపు చూడనక్కరలేదు.

ఇక ఉద్యోగ భద్రత సంగతి. ఇక్కడే మనం కళ్లు తెరుచుకుని చూడాలి.

మొదటిది, టార్గెట్. నెలకు ఇంత అమ్మాలి అని కంపెనీ ముందే చెబుతుంది. కంపెనీ నుంచి స్టాకిస్టుకు సరుకు వెళితే దాన్ని ప్రైమరీ అంటారు. స్టాకిస్టు నుంచి షాపులకు వెళితే సెకండరీ. నెలాఖరు వచ్చేసరికి కొన్ని చోట్ల అబ్బాయిల మీద ఒత్తిడి పెరుగుతుంది. షాపుల్లో కదలకపోయినా స్టాకిస్టు నెత్తిన సరుకు వేయించి బిల్లు చూపించమంటారు. మా బ్రాంచిలో ఒక స్టాకిస్టు క్యాష్ క్రెడిట్ ఖాతా నెల మొదట్లో ఊపిరి పీల్చుకునేది, 30వ తేదీకి లిమిటు నిండిపోయేది. అలా వేసిన సరుకు గడువు తీరి వెనక్కి వస్తే ఆ భారం తిరిగి ఆ అబ్బాయి లెక్కలోనే పడుతుంది. ఈ నెల టార్గెట్ కోసం వచ్చే నెలను తాకట్టు పెట్టడం లాంటిది ఇది.

రెండోది, చట్టం. పిల్లలూ, ఇది జాగ్రత్తగా వినండి. మందుల ప్రతినిధుల కోసం 1976లో పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. సేల్స్ ప్రమోషన్ ఎంప్లాయీస్ చట్టం అనేవారు. నియామక పత్రం, సెలవులు, గ్రాట్యుటీ, బోనస్, అన్యాయంగా తీసేస్తే అడిగే హక్కు, ఇవన్నీ దానివల్ల వచ్చాయి. 1963 నుంచి దేశమంతటా పనిచేస్తున్న వీళ్ల సంఘం పోరాటం కూడా దాని వెనక ఉంది. 1994లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, పారిశ్రామిక వివాదాల చట్టం నిర్వచనాన్ని మాత్రమే చూస్తే మెడికల్ రెప్ కార్మికుడు కాడని చెప్పింది. అంటే వీళ్లకున్న రక్షణకు ఆ ప్రత్యేక చట్టమే ఆధారం. 2025 నవంబరు 21న నాలుగు కొత్త కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చాయి. పాత చట్టం వాటిలో కలిసిపోయింది. కొత్త కోడ్‌లో కూడా సేల్స్ ప్రమోషన్ ఉద్యోగి కార్మికుడే అని స్పష్టంగా రాశారు.

దీనివల్ల ఏమిటి లాభం? నియామక పత్రం ఇవ్వక తప్పదు. ఏడాది నిండిన మనిషిని మనుషులు ఎక్కువయ్యారని తీసేస్తే, ఒక నెల నోటీసు గాని, ఆ నెల జీతం గాని ఇవ్వాలి. పైగా చేసిన ప్రతి సంవత్సరానికి 15 రోజుల జీతం పరిహారం ఇవ్వాలి. ఉద్యోగం మానేసినా, తీసేసినా రావలసిన జీతం రెండు పనిదినాల్లో చెల్లించాలి. ఫలానా కాలానికి అని కాంట్రాక్టు మీద తీసుకున్న మనిషికి ఏడాది పనిచేసినా గ్రాట్యుటీ లెక్క కట్టాలి. మిగతావాళ్లకు ఐదేళ్లు నిండాలి.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఈ రక్షణ తిరిగి పనిచేసే రెప్‌కు. మేనేజరు పని చేసేవాడికి కాదు. అందుకే కొందరు ఐదారేళ్లకే ప్రమోషన్ వచ్చిందని సంతోషపడి, రెండేళ్ల తర్వాత "రాజీనామా రాసివ్వు" అంటే దిక్కు తోచక నిలబడతారు. ప్రమోషన్ వద్దని నేను చెప్పడం లేదు. ఆ మెట్టు ఎక్కేటప్పుడు చేతిలో ఆరు నెలల ఇంటి ఖర్చు దాచుకుని ఎక్కండి అంటున్నాను. ఇంకొక మాట. కొత్తగా చేరిన పిల్లవాడికి కూడా "టెరిటరీ మేనేజర్" అని కార్డు అచ్చు వేసి ఇస్తారు. పేరు చూసి అతనికి హక్కులు లేవనుకోవద్దు. చేసే పని ఏమిటన్నదే కోర్టు చూస్తుంది.

మూడోది, కంపెనీలు చేతులు మారడం. 2010లో పిరమల్ కంపెనీ మన దేశపు మందుల వ్యాపారాన్ని అబాట్ కొనుక్కుంది. 2015లో ర్యాన్‌బాక్సీ సన్ ఫార్మాలో కలిసిపోయింది. 2022లో నోవార్టిస్ ఇండియా తన వోవెరాన్ వంటి పాత మందుల అమ్మకాన్ని డాక్టర్ రెడ్డీస్‌కు అప్పగించినప్పుడు సుమారు 400 మంది ఉద్యోగాల మీద దాని ప్రభావం పడింది. అవి అప్పుకూలిన కంపెనీలు కావు. అందరికీ తెలిసిన పేర్లే. కంపెనీ పేరు పెద్దదైతే ఉద్యోగం గట్టిదనే నమ్మకం సరికాదని చెప్పడానికే ఇవి చెప్పాను.

"మీ బ్యాంకు ఉద్యోగంలాగా ఉండదు కదా" అంటారు మన పెద్దలు. నిజమే, కానీ బ్యాంకులూ మారాయి. మన వాళ్లందరికీ తెలిసిన స్టేట్ బ్యాంక్ ఆఫ్ మైసూరు 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసింది. విజయా బ్యాంకు 2019లో, సిండికేట్, కార్పొరేషన్ బ్యాంకులు 2020లో వేరే బ్యాంకుల్లో కలిశాయి. బోర్డులు మారినా మా వాళ్ల జీతాలు ఆగలేదు. ఆ తేడా ఉంది. కానీ 2010 ఏప్రిల్ తర్వాత చేరిన బ్యాంకు ఉద్యోగులకు మాకున్న పాత పెన్షను లేదు. కాబట్టి ఏ ఉద్యోగమైనా "చేరితే చాలు, జీవితం గడిచిపోతుంది" అనే కాలం దాటిపోయింది.

నాలుగోది, పనిలోనే వచ్చిన మార్పులు. 2024 మార్చి 12న కేంద్ర ప్రభుత్వం మందుల ప్రచారానికి కొత్త నియమావళి తెచ్చింది. డాక్టర్లకు కానుకలు, విహారయాత్రలు ఇవ్వకూడదు. శాంపిళ్లు కూడా ఒక డాక్టరుకు ఒక మందువి ఏడాదికి 12 ప్యాకెట్లు మించకూడదు. రెప్ ఎలా నడుచుకున్నాడన్న దానికి కంపెనీయే బాధ్యత వహించాలి. ఇది మంచి పిల్లలకు మేలు చేసే నియమం. కానుకలతో పని జరిగే చోట చదువుకు విలువ తక్కువ. కానుక లేని చోట మందు గురించి తెలిసినవాడి మాటకే విలువ. కాబట్టి ఎవరైనా పైవాడు "నీ జేబులోంచి పెట్టి ఆ డాక్టరుకు ఫలానాది కొనివ్వు" అంటే ఒప్పుకోవద్దు. దాని బిల్లు కంపెనీ ఇవ్వదు, నింద మాత్రం మీ మీద పడుతుంది. ఇంకోవైపు జన ఔషధి కేంద్రాలు దేశంలో 15 వేలు దాటాయి. చవక మందులు పెరిగేకొద్దీ కంపెనీ పేరుతో అమ్మే మందుకు పోటీ పెరుగుతుంది. అదీ గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు డబ్బు లెక్క. నా అసలు విషయం ఇదే. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆఫర్ లెటర్లో ఏడాదికి 4,20,000 అని రాశారనుకోండి. ఇంటిల్లిపాదీ నెలకు 35 వేలు అని ఊరంతా చెప్పుకుంటారు. కింద చిన్న అక్షరాల్లో చూస్తే అందులో ఇన్సెంటివ్ 84,000. ప్రయాణపు ఖర్చులు 72,000. కంపెనీ కట్టే పి.ఎఫ్. 21,600. గ్రాట్యుటీ, ఈ.ఎస్.ఐ., ఇన్సూరెన్సు పేర్లతో 16,800. ఇవన్నీ కలిపితే 1,94,400. తీసేస్తే మిగిలేది 2,25,600. అంటే నెలకు 18,800. అందులో అబ్బాయి వాటా పి.ఎఫ్. 1,800, ఈ.ఎస్.ఐ. 141 పోతే, కచ్చితంగా చేతికి వచ్చేది 16,859 రూపాయలు.

ఇన్సెంటివ్ టార్గెట్ అందుకుంటేనే వస్తుంది. ప్రయాణపు ఖర్చు మన జీతం కాదు, పెట్రోలుకు మనం ముందే పెట్టిన డబ్బు. పి.ఎఫ్. మనదే, కానీ ఈ నెల అద్దెకు పనికిరాదు. కాబట్టి సంసారం 16,859 మీద నడవాలి. ఈ లెక్క వేసుకున్న ఇంట్లో గొడవలుండవు. 35 వేలనుకుని బండికి అప్పు, ఫోనుకు అప్పు, చెల్లెలి పెళ్లికి అప్పు చేసిన ఇళ్లలో ఒక్క టార్గెట్ తప్పితే కంతులు ఆగిపోతాయి. కౌంటరు దగ్గర తలవంచుకుని నిలబడ్డ అలాంటి పిల్లలను నేను చూశాను. వాళ్లలో సోమరులు ఎవరూ లేరు. లెక్క సరిగా చెప్పినవాళ్లు లేకపోయారు, అంతే.

అందుకని చేరే ముందు అడగవలసిన ప్రశ్నలు రాసుకోండి.

1. నియామక పత్రంలో స్థిరమైన జీతం ఎంత, ఇన్సెంటివ్ ఎంత?

2. ఉద్యోగం నేరుగా కంపెనీదా, మధ్యలో కాంట్రాక్టు సంస్థ ఉందా? కాలపరిమితి ఉందా?

3. ప్రొబేషన్ ఎన్నాళ్లు? పర్మనెంట్ చేసినట్టు కాగితం ఇస్తారా?

4. కిలోమీటరుకు ఎంత ఇస్తారు, ఆ ఖర్చు ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు? రాత్రి బయటి ఊళ్లో ఉంటే ఎంత?

5. పి.ఎఫ్. మొదటి నెల నుంచే కడతారా? బండి మీద తిరిగే పని కాబట్టి ప్రమాద బీమా ఉందా?

6. మానేస్తే నోటీసు ఎన్ని రోజులు? బాండు రాయమంటున్నారా?

ఈ ప్రశ్నలడిగితే ఉద్యోగం పోతుందేమోనని భయపడకండి. మన గౌరిబిదనూరు తాలూకా హోసూరులో 1920లో పుట్టిన హెచ్. నరసింహయ్యగారు బాగేపల్లిలో, గౌరిబిదనూరులో నేషనల్ కాలేజీలు రావడానికి కారకులు. ప్రశ్నించకుండా ఏదీ ఒప్పుకోవద్దని జీవితమంతా చెప్పిన మనిషి. ఆయన తిరిగిన నేల మీద చదువుకున్న పిల్లలు ఒక నియామక పత్రం గురించి అడగడానికి వెనకాడకూడదు.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఉద్యోగానికి డిపాజిట్ కట్టమనేవాళ్లను నమ్మవద్దు. ఒరిజినల్ మార్క్స్ కార్డులు ఎవరికీ ఇచ్చిపెట్టవద్దు, చూపించి తెచ్చుకోండి. చేరిన తర్వాత జీతం చీటీలు, అమ్మకాల లెక్కలు, మెచ్చుకుంటూ వచ్చిన ఉత్తరాలు అన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి. పి.ఎఫ్. యు.ఎ.ఎన్. నంబరు ఒకటే ఉండాలి. కంపెనీ మారినప్పుడల్లా ఆ డబ్బు తీసి ఖర్చు పెట్టకుండా కొత్త ఖాతాకు బదిలీ చేయించుకోండి. పి.ఎఫ్. పెన్షనుకు పదేళ్ల సర్వీసు కావాలి. మూడు కంపెనీల్లో చేసిన మూడు ముక్కలు కలిస్తేనే ఆ పదేళ్లు నిండుతాయి.

ఈ ఉద్యోగం చేస్తూనే రెండో దారి కూడా చూసుకోవాలి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మన పెద్దలు ఊరికే అనలేదు. బ్యాంకు క్లర్కు పరీక్షకు సాధారణ అభ్యర్థులకు వయసు 28 దాటకూడదు. కాబట్టి 22లో రెప్‌గా చేరినవాడికి ఆరేళ్లే గడువు. రాయదలచుకుంటే మొదటి సంవత్సరం నుంచే రాయాలి. వ్యాపారం మీద మనసుంటే, మందుల హోల్‌సేల్ లైసెన్సుకు ఫార్మసిస్టు అయినా ఉండాలి, లేదా డిగ్రీతోపాటు మందుల అమ్మకంలో ఒక సంవత్సరం అనుభవమున్న మనిషి అయినా ఉండాలి. మెడికల్ షాపుకైతే రిజిస్టరైన ఫార్మసిస్టు తప్పదు. ఇప్పుడు పి.యు.సి. సైన్సు చదువుతున్న పిల్లలకు నా సలహా ఏమిటంటే, ఈ వైపు రావాలనుకుంటే డి.ఫార్మసీ గాని, బి.ఫార్మసీ గాని చేసి రండి. రెప్ ఉద్యోగం పోయినా ఆ సర్టిఫికెట్టు పోదు. షాపు, ఆస్పత్రి, జన ఔషధి కేంద్రం, ఏదో ఒకటి ఉంటుంది.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక్క మాట. ఈ పనిలో ఆడపిల్లలూ ఉన్నారు, బాగా చేస్తున్నారు. చీకటి పడ్డాక ఊళ్లు తిరగడం గురించి భయముంటే టూర్ ప్రోగ్రాం ముందే అడగండి. భయంతోనే తలుపు మూసెయ్యకండి.

తల్లిదండ్రులారా, పిల్లవాడు ఈ ఉద్యోగంలో చేరతానంటే వద్దనకండి. అలాగని గవర్నమెంటు ఉద్యోగం వచ్చినట్టు అప్పులూ చెయ్యకండి. మొదటి మూడేళ్లు స్థిరమైన జీతం మీదే సంసారం నడపండి. ఇన్సెంటివ్ వచ్చిన ప్రతిసారీ దాన్ని రికరింగ్ డిపాజిట్‌లోనో, పోస్టాఫీసులోనో వేయించండి. ఆరు నెలల ఖర్చు చేతిలో ఉన్నవాడు నెలాఖరున తప్పుడు బిల్లు వేయమంటే "వెయ్యను సార్" అనగలడు. ఆ మాట అనగలిగినవాడికే ఈ వృత్తిలో మంచి పేరు నిలుస్తుంది, ఒక కంపెనీ పోతే ఇంకో కంపెనీ పిలుస్తుంది. ఉద్యోగ భద్రతలో కంపెనీ ఇచ్చేది కొంత, చట్టం ఇచ్చేది కొంత. మిగతాది మనం నెలనెలా దాచుకున్న దాంట్లో ఉంటుంది.

ఆఫర్ లెటర్ వచ్చిన పిల్లలు ఎవరైనా సరే, సంతకం పెట్టే ముందు తీసుకుని రండి. ప్రతి ఆదివారం ఉదయం ట్రస్టు ఆఫీసులో ఉంటాను. కళ్లద్దాలు పెట్టుకుని కింది చిన్న అక్షరాలు కూడా కలిసి చదువుదాం.